కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్ ఉద్యోగం: ఏ కాగితం ఉండాలి, చేతికి ఏ పని రావాలి

పలమనేరు వైపు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "మా చెల్లెలు ఇంటర్ బైపీసీ పాసయింది. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా చేర్పించాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏడాది సర్టిఫికెట్ కోర్సు చాలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేర్పించవచ్చా? అసలు ఏ చదువు ఉండాలి?"

ఇంకా ఫీజు కట్టకపోతే ఆగండి. మీ చెల్లెలికి బైపీసీ ఉంది కాబట్టి దారి తేలికే. రెండేళ్ళ డిప్లొమా ఒకటి, నాలుగేళ్ళ డిగ్రీ ఒకటి, పెద్ద కంటి ఆసుపత్రులు సొంతంగా ఇచ్చే శిక్షణ ఒకటి, ఈ మూడూ నమ్మదగ్గ దారులు. ఆసుపత్రితో సంబంధం లేని ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఏడాది సర్టిఫికెట్టు మాత్రం ప్రైవేటు క్లినిక్‌లో మొదటి ఉద్యోగానికి పనికొస్తే రావచ్చు గానీ ప్రభుత్వ పోస్టుకు అక్కరకు రాదు. కారణం కింద చెబుతాను.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. కంటి ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరినీ మన దగ్గర డాక్టర్ అనే పిలుస్తారు. ఎంబీబీఎస్ తర్వాత కంటి వైద్యంలో పీజీ చేసినవారే కంటి డాక్టర్లు. మందు రాయడం, ఆపరేషన్ చేయడం వాళ్ళ పని. ఆప్టోమెట్రిస్టు నాలుగేళ్ళ డిగ్రీ చేసినవారు. మూడేళ్ళు తరగతులు, ఏడాది ఇంటర్న్‌షిప్. సైటు పరీక్ష, కాంటాక్ట్ లెన్సులు, మెల్లకన్ను పరీక్షలు వీళ్ళవి. ఆప్తాల్మిక్ అసిస్టెంట్ అంటే రెండేళ్ళ డిప్లొమా చేసినవారు. ప్రభుత్వాసుపత్రుల్లో "ఆప్తాల్మిక్ ఆఫీసర్" అని బోర్డు కనిపించే గది వీళ్ళదే. విజన్ టెక్నీషియన్ ఇంకా చిన్న శిక్షణతో ఊళ్ళలోని విజన్ సెంటర్లలో మొదటి పరీక్ష చేసేవారు. ఆప్టీషియన్ అద్దాలు కోసి ఫ్రేములో బిగించేవారు. "ఆప్తాల్మిక్ టెక్నీషియన్" అనే మాటను ఈ చివరి నాలుగు పనులకూ ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడేస్తున్నారు. అందుకే కోర్సు పేరు చూసి మోసపోకూడదు. కాలేజీవాళ్ళను "ఈ కోర్సు చేస్తే ఏ రిజిస్టర్‌లో ఏ పేరుతో ఎక్కుతుంది?" అని అడగాలి. దానికి తడుముకోకుండా జవాబు రాని చోట ఫీజు కట్టవద్దు.

ఏడాది సర్టిఫికెట్‌తో ఇబ్బంది ఎక్కడంటే, 2021లో కేంద్రం అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ఆప్టోమెట్రీ, ఆప్తాల్మిక్ అసిస్టెంట్ లాంటి కంటి వృత్తులు అందులో ఉన్నాయి. ఆ చట్టం లెక్కలో అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులు అనిపించుకోవాలంటే చదువు కనీసం 2,000 గంటలు ఉండాలి, అది 2 నుంచి 4 ఏళ్ళలో సాగి ఉండాలి. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులు అనే పై వర్గానికి కనీసం 3,600 గంటలు, 3 నుంచి 6 ఏళ్ళు. ఏడాది కోర్సు ఎంత బాగా చెప్పినా ఈ రెండు గీతల్లో దేనినీ దాటదు. "మా కోర్సు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందింది" అనే ఫ్లెక్సీలు చాలానే కనిపిస్తాయి. స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్టు, సొసైటీ రిజిస్ట్రేషన్ నంబరు, ఐఎస్‌ఓ ముద్ర, ఇవన్నీ ఆ ఒక్క మాట కిందే సర్దేస్తారు. స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్టు దొంగ కాగితమేమీ కాదు, దాని పని వేరు. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్‌కు అది బదులు కాదు.

ఇక రెండేళ్ళ డిప్లొమా సంగతి. మన రాష్ట్రంలో దీన్ని డీఓఏ అంటారు, డిప్లొమా ఇన్ ఆప్తాల్మిక్ అసిస్టెంట్. ఏపీ పారామెడికల్ బోర్డు (2021 చట్టం తర్వాత దాని స్థానంలో వచ్చే రాష్ట్ర కౌన్సిల్) కింద నడుస్తుంది. ఇంటర్ పాసై ఉండాలి. సీట్లు ఇంటర్ మార్కుల మెరిట్ మీద నిండుతాయి. బైపీసీ వాళ్ళకు మొదటి ప్రాధాన్యం, వాళ్ళు చాలకపోతే ఎంపీసీ, ఆ తర్వాతే మిగతా గ్రూపులు. మీ చెల్లెలు మొదటి వరసలోనే ఉంది. కోర్సు పూర్తయ్యాక కాలేజీ ఇచ్చే మార్కుల మెమోతో పని ముగియదు. బోర్డులో రిజిస్ట్రేషన్ విడిగా చేయించుకోవాలి. చాలామంది దీన్ని వాయిదా వేసి, నోటిఫికేషన్ పడ్డాక విజయవాడ పరుగెత్తుతారు. ఈలోగా చివరి తేదీ దాటిపోతుంది. రిజల్టు వచ్చిన నెలలోనే చేయించేయండి. పదో తరగతి మెమోలో, ఇంటర్ మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరూ పేరూ ఒకేలా ఉన్నాయా అన్నది ఇప్పుడే చూసుకోండి. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉంటే తర్వాత ప్రతి దశలోనూ అడ్డుపడుతుంది.

డిగ్రీకి ఇల్లు భరించగలిగితే నా ఓటు డిగ్రీకే. రెండేళ్ళు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే, కానీ కాంటాక్ట్ లెన్స్ క్లినిక్, పిల్లల కంటి విభాగం, పైచదువు, ఈ తలుపులు డిప్లొమాతో తెరుచుకోవడం కష్టం. చిత్తూరు వాళ్ళకు భౌగోళికంగా ఒక సదుపాయం ఉంది. చెన్నైలోని శంకర నేత్రాలయ 1978 నుంచి ఉంది. దాని అనుబంధంగా 1985లో మొదలైన ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ మన దేశంలో ఈ డిగ్రీకి తొలి బాట వేసినవాటిలో ఒకటి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థకూ సొంత ఆప్టోమెట్రీ విద్యాలయం ఉంది. వేరే రాష్ట్రంలో చదివితే మాత్రం ఇక్కడి ప్రభుత్వ పోస్టులకు దరఖాస్తు చేసే ముందు ఇక్కడి బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. అది మరిచిపోయి తిరస్కరణకు గురయ్యే దరఖాస్తులు ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఉంటాయి.

మూడో దారి ఆసుపత్రి సొంత శిక్షణ. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి మొదలుపెట్టిన అరవింద్ సంస్థ తీరు వేరు. పల్లెటూళ్ళ నుంచి ఇంటర్ చదివిన ఆడపిల్లలను తీసుకుని రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి పని మొత్తం వాళ్ళ చేతుల మీదే నడిపిస్తుంది. చూపు పరీక్ష, ఆపరేషన్ థియేటర్, కౌన్సెలింగ్, అన్నీ. ఎల్వీ ప్రసాద్ సంస్థ ఏడాది శిక్షణతో విజన్ టెక్నీషియన్లను తయారుచేసి, సుమారు 50,000 జనాభాకు ఒకటిగా పెట్టే తన విజన్ సెంటర్లకు పంపుతుంది. ఏడాది కోర్సు వద్దని పైన అన్నానే, మరి ఇదేమిటి అంటారేమో. ఇక్కడ శిక్షణ ఇచ్చేవాళ్ళే ఉద్యోగమూ ఇస్తారు, నేర్చుకునేది రోజూ వందల కళ్ళు చూసే చోట. బోర్డు పెట్టుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో అది ఉండదు. ఈ దారిలో మెలిక ఒకటే: నేర్చుకున్న పని చేతిలో ఉంటుంది గానీ కాగితం ఆ సంస్థ బయట ఎంతవరకు చెల్లుతుందో చేరే రోజే అడిగి తెలుసుకోవాలి. మధ్యలో మానేస్తే ఏం కట్టాలి, ఎన్నేళ్ళు పనిచేయాలి అన్న ఒప్పందం కాగితం ఇంటికి తెచ్చుకుని, నిదానంగా చదివి సంతకం పెట్టండి.

ప్రభుత్వ పోస్టుల మార్కుల లెక్క చాలామందికి తెలియదు. అందుకే కొంచెం విడమరుస్తాను. మన రాష్ట్రంలో ఆరోగ్య శాఖ కాంట్రాక్టు పారామెడికల్ పోస్టులకు పరీక్ష లేకుండా 100 మార్కుల మెరిట్ జాబితా వేస్తుంటారు. అర్హత కోర్సు మార్కులకు 75. కోర్సు పాసైన తర్వాత గడిచిన ఒక్కో పూర్తి సంవత్సరానికి 1 చొప్పున గరిష్ఠంగా 10. ప్రభుత్వ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 15: ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1. ఇప్పుడు లెక్క వేయండి. డిప్లొమాలో 90 శాతం తెచ్చుకుని నిన్న పాసైన అమ్మాయికి 67.5. అదే 80 శాతంతో పాసై నాలుగేళ్ళయి, రెండేళ్ళు పల్లె పీహెచ్‌సీలో కాంట్రాక్టులో చేసిన అమ్మాయికి 60, 4, 8 కలిపి 72. అందుకే జీతం తక్కువైనా పల్లెలో వచ్చిన మొదటి కాంట్రాక్టు పోస్టు వదులుకోవద్దంటారు. ప్రైవేటు ఆసుపత్రి అనుభవం ఎంత ఉన్నా ఆ 15లోకి రాదు. కానీ కోర్సు పాసైన తేదీ నుంచి ఏడాదికో మార్కు మాత్రం ఎక్కడ పనిచేసినా, ఇంట్లో కూర్చున్నా వస్తూనే ఉంటుంది. స్థానికతకు 4 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. చిత్తూరు సరిహద్దు ఊళ్ళ పిల్లలు కొన్నేళ్ళు తమిళనాడులోనో కర్ణాటకలోనో చదివి ఉంటారు, వాళ్ళకు ఇక్కడే చిక్కు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి కుల, నివాస ధ్రువపత్రాలు పాత చిత్తూరు జిల్లా పేరుతో ఉంటే కొత్తవి తీసిపెట్టుకోవడం మేలు.

కాగితాల సంగతి అంతే. ఇప్పుడు పని సంగతి చూద్దాం. క్లినిక్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే సర్టిఫికెట్టు రెండు నిమిషాలు చూసి, ట్రయల్ ఫ్రేము (కటకాలు మార్చి మార్చి పెట్టి చూసే ఫ్రేము) చేతికిచ్చి "ఈయనకు సైటు చూడమ్మా" అంటారు. అక్కడే సగం మంది ఆగిపోతారు.

మొదటిది చూపు కొలవడం. చార్టు 6 మీటర్ల దూరంలో, గది చిన్నదైతే 3 మీటర్ల దూరంలో అద్దం పెట్టి. పై పెద్ద అక్షరం (6/60) ఎత్తు సుమారు 87 మిల్లీమీటర్లు, మామూలు చూపుకు గుర్తయిన 6/6 వరస అక్షరం సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. జిరాక్స్ తీసిన చార్టులు చిన్నవైపోయి ఉంటాయి, స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. కుడి కన్ను ముందు, ఎడమ కన్ను తర్వాత, ఎప్పుడూ అదే వరస. అరచేత్తో కన్ను మూసుకోమంటే వేళ్ళ సందులోంచి చూస్తారు, లేదా గట్టిగా అదిమేస్తారు, ఆ కన్ను తర్వాత కాసేపు మసకగా ఉంటుంది. నల్ల మూత వాడాలి. పై అక్షరమూ కనబడకపోతే దగ్గరికి వెళ్ళి వేళ్ళు లెక్కపెట్టించాలి, ఎన్ని మీటర్ల దగ్గర చెప్పారో రాయాలి. అదీ లేకపోతే చేతి కదలిక, ఆ తర్వాత టార్చి వెలుగు, వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో నాలుగు దిక్కులా. ముదిరిన శుక్లం ఉన్న ముసలాయనకు ఈ నాలుగు దిక్కుల పరీక్ష మరీ ముఖ్యం. ఒక పక్క వెలుగు తెలియడం లేదంటే వెనక రెటీనాలో ఏదో ఉందన్నమాట, శుక్లం తీసినా చూపు రాదేమో. "చూపు లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే డాక్టరుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. 6/12 కంటే తక్కువ ఉన్న ప్రతి కన్నుకూ పిన్‌హోల్ (సన్నటి రంధ్రం ఉన్న మూత) పెట్టి చూడాలి. చూపు పెరిగితే అద్దాలతో తీరే లోపం, పెరగకపోతే లోపలి జబ్బు కావచ్చు.

రెండోది రెటినోస్కోపీ, అంటే కంట్లోకి వెలుగు వేసి, కంటిపాపలో కదిలే నీడను బట్టి పవరు తేల్చడం. పవరు చూపించే మిషన్ ఉంది కదా ఇదెందుకు అనే అమ్మాయిలు పిల్లల దగ్గర దొరికిపోతారు. ఆ మిషన్, అంటే ఆటోరిఫ్రాక్టోమీటర్, లోపలికి చూసేటప్పుడు పిల్లలు దగ్గరి వస్తువును చూస్తున్నట్టు కంటిని బిగిస్తారు. మిషన్ మైనస్ ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె అట్లాగే రాసి పంపితే బడిపిల్లకు అక్కరలేని మైనస్ అద్దాలు పడతాయి, సాయంత్రానికి తలనొప్పి. రెటినోస్కోపు పట్టుకుని సుమారు 66 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే వచ్చిన లెక్కలోంచి 1.50 తీసేయాలి. 50 సెంటీమీటర్లయితే 2.00. +2.50 కటకం దగ్గర నీడ కదలడం ఆగింది, దూరం 66 అనుకుంటే అసలు పవరు +1.00. కొత్తవాళ్ళు తెలియకుండానే ముందుకు వంగి 50కి వచ్చేసి 1.50 మాత్రమే తీస్తారు, అరపాయింటు తేడా వస్తుంది. చేతి పొడవుకు ఒక తాడు కొలిచి పెట్టుకుంటే మొదటి నెలల్లో మేలు. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగేది పవరు మార్చి రాయడం: −1.00 గోళం (స్ఫియర్), −0.50 స్థూపం (సిలిండర్), అక్షం (యాక్సిస్) 90 ఉంటే అవతలి రూపం −1.50, +0.50, అక్షం 180. కాగితం లేకుండా చెప్పగలగాలి.

మూడోది చుక్కలు. కంటిపాపను పెద్దది చేసే చుక్కల్లో మన దగ్గర ఎక్కువగా వాడేది ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన సీసా. పని మొదలు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు. వేసే ముందు చూపు, కంటి ఒత్తిడి రాసేసి ఉండాలి, తర్వాత రాయడానికి కుదరదు. బీపీ, గుండె జబ్బు అడగాలి, ఫినైలెఫ్రిన్ బీపీని పెంచుతుంది. పక్కనుంచి టార్చి వేసి ముందు గది (నల్లగుడ్డు ముందు పొరకూ కంటిపాప చుట్టూ ఉన్న రంగు పొరకూ మధ్య ఖాళీ) లోతు చూడాలి. లోతు తక్కువగా ఉంటే డాక్టరును అడగకుండా చుక్క వేయకూడదు, నీటికాసులు (గ్లాకోమా) ఒక్కసారిగా ఎగదోసుకొస్తాయి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు. రెండోది చెంప మీదికే పోతుంది, కంటి సంచిలో చోటు లేదు. వేశాక లోపలి మూల ఒక నిమిషం నొక్కి పట్టుకోమనాలి, లేకపోతే ముక్కు దారిన మందు ఒంట్లోకి పోతుంది. తిరుపతిలో దీనికి ఒక అదనపు ప్రశ్న ఉంది: "ఇక్కణ్ణుంచి కొండకు పోతున్నారా?" చుక్కల తర్వాత నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసక, వెలుగు పడదు. ఆ కళ్ళతో ఘాట్ రోడ్డులో బండి నడపకూడదు, అలిపిరి మెట్లు 3,550 ఎక్కి దిగకూడదు. దర్శనం టికెట్టు చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళయితే చుక్కల పరీక్ష మర్నాటికి పెట్టమని డాక్టరుకు చెప్పడం టెక్నీషియన్ పనే.

ఇప్పుడు అసలు కీలకం, శుక్లం ఆపరేషన్‌కు ముందు లెన్సు పవరు కొలత. కంట్లో పెట్టే లెన్సు పవరు డాక్టరు నోటి లెక్కతో రాదు, టెక్నీషియన్ తీసిన రెండు అంకెల నుంచి వస్తుంది. ఒకటి నల్లగుడ్డు ముందు పొర (కార్నియా) వంపు, కెరటోమీటర్ మీద, మామూలుగా 43, 44 డయాప్టర్ల దగ్గర. రెండోది కంటి పొడవు, ఏ-స్కాన్ (శబ్ద తరంగాలతో కొలిచే మిషన్) మీద, మామూలుగా 23.5 మిల్లీమీటర్ల దగ్గర. పాత ఎస్‌ఆర్‌కె సూత్రం ఇప్పుడు ఎవరూ వాడకపోయినా విషయం అర్థం కావడానికి దాన్ని మించింది లేదు: లెన్సు స్థిరాంకంలోంచి (ఒక్కో రకం లెన్సుకు తయారీదారు ఇచ్చే అంకె) పొడవుకు 2.5 రెట్లు, వంపుకు 0.9 రెట్లు తీసేయాలి. స్థిరాంకం 118.4, పొడవు 23.5, వంపు 44 అనుకోండి. 118.4లోంచి 58.75, 39.6 పోతే 20.05. అంటే 20 పవరు లెన్సు.

ఇప్పుడు తప్పు ఎట్లా జరుగుతుందో చూడండి. ఏ-స్కాన్ ప్రోబు కంటి మీద ఆనించి తీస్తారు. చెయ్యి కాస్త బరువుగా పడితే మెత్తటి కన్ను లోపలికి నొక్కుకుని పొడవు 23.5 కాస్తా 23.2 అవుతుంది. 0.3 మిల్లీమీటర్లంటే గోరు మందం కూడా కాదు. లెక్కలో మాత్రం 20.05 కాస్తా 20.8 అయిపోతుంది. ఆ లెన్సు పెట్టించుకున్న పేషెంటుకు ఆపరేషన్ తర్వాత దూరపు చూపు మసక, మైనస్ అద్దం కావాలి. పేషెంటు తిట్టేది డాక్టరును, తప్పు ప్రోబు పట్టుకున్న చేతిది. అందుకే తెరమీద ముందు గది లోతు అంకెను గమనిస్తూ ఉండాలి. ఒకటి తర్వాత ఒకటిగా తీసిన రీడింగుల్లో అది తగ్గుతూ వస్తోందంటే నొక్కేస్తున్నారన్నమాట. తెరమీద గీతలు నిటారుగా లేవాలి: కార్నియా, లెన్సు ముందు, లెన్సు వెనక, రెటీనా, స్క్లీరా (కంటి గుడ్డు తెల్లటి గోడ). స్క్లీరా వెనక కొవ్వు తాలూకు చిన్న గీతలు కనిపించకపోతే ప్రోబు నరం వైపు తిరిగిందని అర్థం, ఆ రీడింగు తుడిచేయాలి. రెండు కళ్ళ పొడవులో 0.3 కంటే ఎక్కువ తేడా వస్తే మళ్ళీ తీయాలి, వీలైతే ఇంకొకరి చేత తీయించాలి. కంట్లో ఇప్పటికే లెన్సు ఉందా, లేదా, రెటీనా ఆపరేషన్‌లో నింపే సిలికాన్ ఆయిల్ ఉందా అన్నదాన్ని బట్టి మిషన్‌లో మోడ్ మార్చాలి. పొద్దున వచ్చిన పేషెంటుకు మార్చిన మోడ్ మధ్యాహ్నం వరకూ అట్లాగే వదిలేయడం రోజూ జరిగే తప్పు. నీళ్ళ గిన్నె పెట్టి తీసే ఇమర్షన్ పద్ధతిలోనూ, కాంతితో తాకకుండా కొలిచే మిషన్లలోనూ నొక్కుడు బాధ లేదు. కానీ శుక్లం బాగా ముదిరి కాంతి దూరకపోతే మళ్ళీ ఏ-స్కానే గతి.

వరస కూడా ముఖ్యం. కెరటోమీటర్ ముందు, తాకే పరీక్షలు తర్వాత. ఒత్తిడి చూసో, మొద్దుబార్చే చుక్క వేసో, ఆ తర్వాత వంపు కొలిస్తే పొర చెదిరి వలయాలు వంకరగా కనిపిస్తాయి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళు మెత్తటివైతే కనీసం వారం, గట్టివైతే రెండు మూడు వారాలు తీసేసి రావాలి. ఇక అన్నిటికంటే ఖరీదైన తప్పు, కుడి కన్ను అంకె ఎడమ గడిలో రాయడం. పేషెంటు పేరు, కేసు షీటు నంబరు, ఏ కన్ను, ఈ మూడూ పైకి చదివి రాయడం అలవాటు కావాలి. ఒకే రోజు ఒకే ఊరి క్యాంపు నుంచి ఇద్దరు మునిరత్నమ్మలు వస్తారు, వయసు కూడా ఒకటే ఉంటుంది.

కంటి ఒత్తిడి 10 నుంచి 21 (మిల్లీమీటర్ల పాదరసం లెక్కలో) మధ్య ఉంటే మామూలు. గాలి కొట్టే మిషన్‌లో మూడు రీడింగుల సగటు తీసుకోవాలి. ఊపిరి బిగపట్టినా, చొక్కా గుండీ మెడకు బిగుసుకున్నా, రెప్ప ఎత్తేటప్పుడు మీ వేలు గుడ్డు మీద పడినా ఎక్కువ చూపిస్తుంది. తాకి చూసే టోనోమీటర్ ప్రిజమ్‌ను ఒక్కో పేషెంటు తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, శుభ్రమైన నీళ్ళతో కడిగి, ఆరబెట్టాలి. కడగకుండా కంటికి ఆనిస్తే పొర కాలుతుంది. అసలు శుభ్రమే చేయకపోతే కళ్ళకలక ఒకరి నుంచి ఇరవై మందికి పాకుతుంది. ఆపరేషన్ థియేటర్ పని వేరే చదువంత ఉంటుంది, చేరాక నేర్పుతారు.

ఇంకో అర్హత ఏ నోటిఫికేషన్‌లోనూ రాయరు, అది భాష. తిరుపతికి యాత్రికులు అన్ని వైపుల నుంచీ వస్తారు. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు పేషెంట్లలో తమిళం మాట్లాడేవాళ్ళు బోలెడు మంది, కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా. "గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ఆనించండి, నేరుగా చూడండి, రెప్ప కొట్టవద్దు" అనే నాలుగు మాటలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో వస్తే చాలు. తమిళంలో "మేల పారుంగ, కీళ పారుంగ" (పైకి చూడండి, కిందికి చూడండి) అనగలిగిన అమ్మాయికి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపించే మిషన్) దగ్గర పని సగం సమయంలో అవుతుంది. చదువురాని పెద్దవాళ్ళకు అక్షరాల చార్టు బదులు నాలుగు దిక్కులా తిరిగిన ఇంగ్లీషు 'E' ఆకారాల చార్టు పెట్టి, వేళ్ళతో దిక్కు చూపించమనాలి. చదువురాదని చెప్పుకోలేక "కనబడలేదు" అనేవాళ్ళు ఉంటారు. ఆ మొహమాటం కనిపెట్టకపోతే 6/60 అని రాసేస్తారు.

చేరే ముందు హెపటైటిస్-బి టీకా మూడు డోసులు మొదలుపెట్టించండి: ఇవాళ ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అమ్మాయి సొంత చూపు, రంగుల గుర్తింపు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. అద్దాలు ఉంటే అడ్డేం లేదు, కానీ సరైన అద్దాలు ఉండాలి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోమని, మందులు రాయమని ఏ క్లినిక్ వాళ్ళయినా అంటే అక్కడ చేర్పించవద్దు. పట్టుబడితే కేసు టెక్నీషియన్ మీదే పడుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఆదివారం ఫ్లెక్సీ చూసి మాట్లాడటం కాకుండా, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు వాళ్ళు చూపించే ఆసుపత్రి కంటి ఓపీకి మీ చెల్లెలితో కలిసి వెళ్ళండి. వరసలో ఎంతమంది ఉన్నారు, స్లిట్ ల్యాంపులు ఎన్ని పనిచేస్తున్నాయి, రెటినోస్కోపు ఎవరి చేతిలో ఉంది, రెండో సంవత్సరం పిల్లలు పేషెంట్ల ముందు కూర్చున్నారా లేక గోడవారన నిలబడి రిజిస్టర్ రాస్తున్నారా చూడండి. ఆ పిల్లల్లో ఒకరిని పక్కకు పిలిచి, "పోయిన వారం ఎన్ని ఏ-స్కాన్లు నీ చేత్తో తీశావు?" అని అడగండి.